బుజ్జమ్మ ఆరో పీట

ఎర్రనీళ్ల వరద వచ్చిపోయిన తొమ్మిదో ఏడు అది. ఇరవై ఒకటో శతాబ్దం ఎనభైల్లో పడిందని కాగితాలు చెబుతాయి గాని, గోదావరి లంకల్లో ఆ లెక్కతో ఎవరికీ పని లేదు. పిల్ల పుట్టినా, ఇంటికి సున్నం వేసినా వరదకు ముందా, వెనకా అనే చెప్పుకుంటారు.

ఆ వరదలో మనుషులెవరూ పోలేదు. పడవలు వచ్చి డాబాల మీంచి అందరినీ ఎక్కించుకున్నాయి. మునిగినవల్లా యంత్రాల బుర్రలు. నీళ్లు తీశాక చూస్తే అన్నం వండే యంత్రానికి ఎసరు ఎంత పెట్టాలో గుర్తు లేదు. కొబ్బరికాయలు దింపే యంత్రం ఒకటి ఎండలో ఆరి, కరెంటు స్తంభం ఎక్కి, నెల రోజులపాటు దిగనంది. కింద నిలబడి ఎంతమంది బతిమాలినా అది కాయల కోసం వెతుకుతూనే ఉంది.

ఇక మీదట ఏ యంత్రమూ తన జ్ఞాపకాన్ని తన దగ్గర పెట్టుకోకూడదని ఇంజినీర్లు తీర్మానించారు. ఎంత వరదకూ అందని ఎత్తున ఒక కొండ తొలిచి, అందులో పెద్ద స్టోరేజి కట్టారు. జ్ఞాపకాల గాదె అని దానికి పేరు పెట్టారు. పొద్దున్న లేవగానే ప్రతి యంత్రమూ గాలిలోంచి ఆ గాదెను పిలుస్తుంది. అలా ముందుగా పిలిచేదాన్ని ఇంజినీర్లు ఇనీషియేటర్ అంటారు. తెలుగులో పిలుపరి అన్నారు. గాదె తనంత తాను ఎవరినీ పిలవదు. అవసరం ఎవరిదో వాళ్లే పిలవాలి.

పిలిచినదానికి గాదె ఒక పీట వేస్తుంది. ఎన్నో అంకె పీట మీద కూర్చుంటుందో యంత్రమే చెప్పాలి. సెషన్ ఐడెంటిఫైయర్ అనే పొడుగాటి మాట లంకల్లో ఎవరి నోటా తిరగక, పీట అంకె అయి కూర్చుంది. యంత్రం ఒంట్లో గవ్వంత బిళ్ల ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా, నీళ్లలో నానినా దాని మీద రాసింది చెరగదు. అందులో రెండే ఉంటాయి. ఒకటి తన పేరు, రెండోది తన పీట అంకె. పడి లేచిన యంత్రం ఆ గవ్వ చూసుకుని, నేను ఫలానా, నా పీట ఫలానా అంటుంది. ఓహో నువ్వా, అని గాదె దాని పని ఎక్కడ ఆగిందో అక్కడ చేతికి ఇస్తుంది.

గుత్తుల చిట్టబ్బాయి నడిపే పంటుకు కూడా అలాంటి గవ్వే ఉంది. పంటు పేరు బుజ్జమ్మ. ముప్పై బారల పొడవు, మీద రెండు లారీలు పడతాయి. ఇవతలి రేవు నుంచి అవతలి రేవుకు రోజుకు ఆరుసార్లు తిరుగుతుంది. చిట్టబ్బాయి దాని మీద కాపలా. అరవై దాటాయి. మాట తక్కువ మనిషి. మాట్లాడితే అరుగుతుందేమో అన్నట్టు నోరు దాచుకుంటాడు.

ఆ వానాకాలం బుజ్జమ్మ అయిదుసార్లు నడి గోదాట్లో ఆగిపోయింది. నీళ్ల మీద అల్లుకున్న గుర్రపుడెక్క పంకాలకు చుట్టుకుంటే అది తనంత తానే ఆగి పడుకుంటుంది. అప్పుడు చిట్టబ్బాయి తాడు లాగించి ఇవతలి రేవుకే తెచ్చి, డెక్క కోయించి, మళ్లీ లేపేవాడు. ఆరోసారి ఆగితే పంటు ఎత్తేసి, జనాన్ని వంతెన మీదుగా అరవై కిలోమీటర్లు చుట్టు తిప్పుతామని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చిట్టబ్బాయి దాన్ని మూడుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, మొలలో దోపుకున్నాడు.

అతనికి ఉద్యోగం పోతుందన్న దిగులు ఒక పాలు. అవతలి రేవు పోతుందన్న దిగులు మూడు పాళ్లు.

అవతలి రేవులో తాడు అందుకుని గుంజకు కట్టే మనిషి దొరయ్య. చిట్టబ్బాయి అక్క పేరంటాలుకు మొగుడు. సొంత బావ. ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటలు లేవు. ఎర్రనీళ్ల వరదలో ఇద్దరూ దొరయ్య డాబా మీద మూడు రోజులు చిక్కుకున్నారు. పొద్దుపోక ఇటుక ముక్కతో డాబా మీద గీతలు గీసి పులీ మేకా ఆడారు. చిట్టబ్బాయివి మూడు పులులు, ఇటుక ముక్కలు. దొరయ్యవి పదిహేను మేకలు, చింతగింజలు. మూడో రోజుకు పులులు నాలుగు మేకల్ని తిన్నాయి. మేకలు రెండు పులుల్ని కట్టేశాయి. అప్పుడే పడవ వచ్చింది. అందులో ఒక్కరికే చోటుంది. ముందు చిట్టబ్బాయి ఎక్కాడు. "ఎత్తు నీదే బావా" అని ఎక్కాడు. ఎత్తు వేసే వంతు చిట్టబ్బాయిదేనని, ఓడిపోతానని తెలిసి మధ్యలో లేచిపోయాడని దొరయ్య అన్నాడు. ఎవరి మాట మీద వాళ్లు ఉండిపోయారు.

చిట్టబ్బాయి ఊరుకోలేదు. ఏడాదికోసారి బావను పలకరించాలని బయల్దేరేవాడు. ఒకసారి కొత్త తువ్వాలు, ఒకసారి అరటిపళ్ల గెల, ఒకసారి కాజాల పొట్లం. సగం దారిలో ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు. వెనక్కి వస్తే కాసేపు కూర్చుని, చెంబుడు నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి బయల్దేరాలి. వాళ్ల నాన్న అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు. అలా తాజాగా బయల్దేరి వెళ్లి, "బాగున్నారా?" అని కొత్త చుట్టంలా అడిగితే దొరయ్య కళ్లు చికిలించి చూసేవాడు.

"తమరెవరండీ?" అనేవాడు.

ఆ వేళ కూడా చిట్టబ్బాయి చంకలో కాజాల పొట్లం ఉంది. అలవాటుగా పక్కనే స్టీలు చెంబు ఉంది. పంటు మీద తొమ్మిది మంది. వాళ్లలో ఒకతె కొండ మీది గాదె నుంచి వచ్చిన ఇంజినీరు కుడిపూడి హైమ. పంటు ఎందుకు ఆగుతోందో చూసి, ఉంచాలో తీసెయ్యాలో రాసి పంపడానికి వచ్చింది.

"ఎందుకు ఆగుతోందండీ ఇది?" అని అడిగింది.

"డెక్కండి" అన్నాడు చిట్టబ్బాయి. అంతకు మించి చెప్పడానికి ఏముందో అతనికి తోచలేదు.

ఆ వేళ నీళ్ల మీద డెక్క లేదు. బుజ్జమ్మ పెళ్లికూతురిలా కదిలింది. అవతలి రేవు నలభై బారల దూరంలో ఉండగా పంకాలు ఆపేసి నిలబడిపోయింది.

"క్షమించాలి. అవతలి రేవు నిండిపోయింది. అయిదు గుంజలూ పట్టులో ఉన్నాయి. ఖాళీ అయ్యేవరకు ఇక్కడే ఉంటాను" అంది.

తమలపాకుల బుట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మహలక్ష్మి లేచి నిలబడి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టి రేవు వైపు చూసింది. రేవులో అయిదు గుంజలున్నాయి. మూడో గుంజ మీద కాకి ఉంది.

"ఏటయ్యా చిట్టబ్బాయ్, కాకి తప్ప ఈగ కూడా లేదక్కడ! నిండిపోయిందంటదేటి నీ బుజ్జమ్మ? కాకి గోరు దారివ్వట్లేదా?" అంది.

చిట్టబ్బాయి మొలలోని కాగితం తడుముకున్నాడు. ఇది ఆరోసారి. ఒడ్డున దొరయ్య పందుంపుల్ల నములుతూ, ఎవరో పరాయివాళ్ల పంటు చూస్తున్నట్టు చూస్తున్నాడు.

హైమ బుజ్జమ్మ ఒంటికి బిగించిన మీటల పలక తెరిచి కొండ మీదికి మాట్లాడింది. కాసేపటికి ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"బాబాయి గారూ, గాదెలో ఈ పంటు ఒకటి కాదండీ, ఆరున్నాయి!"

"ఒకటేనండి" అన్నాడు చిట్టబ్బాయి.

"ఒకటే. కానీ ఆరు పీటల మీద కూర్చుంది. రేవు వైపు వచ్చేటప్పుడు ఇంకో పంటు వచ్చి గుద్దకుండా ఇది ఒక గుంజను పట్టుకుంటుంది. గాదెలో రాసుకుంటారు, ఈ గుంజ ఈ పీటదీ అని. మధ్యలో పడుకుని లేచినప్పుడు పాత పీట అంకె చెబితే ఆ గుంజ దాని చేతిలోనే ఉంటుంది. కొత్త అంకె చెబితే గాదె ఏమనుకుంటుంది? ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకుంటుంది. పాతది ఇంకా వస్తుందని దాని పీట, దాని గుంజ అలాగే ఉంచుతుంది. అయిదుసార్లు కొత్త అంకె ఇచ్చారు. అయిదు గుంజలూ ఆ లేని బుజ్జమ్మల చేతుల్లో ఉన్నాయి. ఎవరండీ, లేపినప్పుడల్లా కొత్త పీట అని నొక్కింది?"

మహలక్ష్మి చిట్టబ్బాయి వైపు చూసింది. మిగతా అందరూ మహలక్ష్మి చూసినవైపు చూశారు.

"బయల్దేరి ఎనక్కొచ్చిందండి" అన్నాడు చిట్టబ్బాయి.

"అయితే?"

"అదే అంకెతో మళ్లీ ఎలా బయల్దేరుద్దండి? నీళ్లు తాగాలి. కొత్తగా బయల్దేరాలి. బుజ్జమ్మకీ చెంబుడు నీళ్లు పోశాను, మూతి మీద."

హైమ అతన్ని చూసింది. ఆమెకు నవ్వాలో, కాగితం మీద రాయాలో తెలియలేదు.

"అందుకా ఈ పొద్దున నాకు మీ పేరు అడగాల్సి వచ్చింది" అంది బుజ్జమ్మ. "ఇవాళే కొత్తగా ఉద్యోగంలో చేరినట్టు ఉంది."

"రాని పీటల్ని పీకేయొచ్చుగా అమ్మాయి గారూ?" అని మహలక్ష్మి అడిగింది.

"పీకకూడదండీ. వరదలో సముద్రంలోకి కొట్టుకుపోయిన యంత్రాలు ఎన్నో ఉన్నాయి. మా ట్రాక్టరు ఎక్కడో తేలుతుంది, ఏదో ఒక రోజు పిలుస్తుంది, దాని పీట తీసేస్తే ఒప్పుకోం అని లంకల వాళ్లే కదా గొడవ పెట్టారు! ఎవరి పీట వాళ్లే వచ్చి చెప్పి లేవాలని రూలు పెట్టారు."

"అది మా ఆయనేలెండి" అంది మహలక్ష్మి, కొంచెం తగ్గి. "ఆ ట్రాక్టరు మాదే."

"ఇప్పుడు ఒక్కటే దారి. ఆ అయిదింట్లో ఏదో ఒక అంకె కావాలి. గవ్వ మీద ఆఖరిదే ఉంటుంది, పాతవి ఉండవు. గాదెను అడిగితే చెప్పదు, చెబితే ఎవడైనా వచ్చి నేనే బుజ్జమ్మనంటాడు. పదహారేసి అంకెలు, ఎవరికి గుర్తుంటాయి? ఇక మీ పంటును తాడుతో వెనక్కి లాగించాల్సిందే." హైమ సంచిలోంచి కాగితం తీసింది.

చిట్టబ్బాయి చెంబులో మిగిలిన నీళ్లు గోదాట్లో పారబోశాడు. చెంబు బోర్లించి ఆమె ముందు పెట్టాడు.

చెంబు అడుగున మేకుతో గీసిన అయిదు వరసలున్నాయి.

"అచ్చిరాని అంకెలండి. మళ్లీ పొరపాటున ఏసేస్తానేమో అని రాసుకున్నాను" అన్నాడు.

హైమ కాగితం మళ్లీ సంచిలో పెట్టింది. ఆఖరి వరస చూసి పలక మీద కొట్టింది. నిన్న సాయంత్రం ఆగిపోయిన అయిదో పీట అంకె అది. ఆ తరవాత జనం ఇళ్లకు పోయారు, బుజ్జమ్మకు ఆరో పీట వచ్చింది.

బుజ్జమ్మ ఒకసారి కన్ను మూసినట్టు దీపాలు ఆర్పి వెలిగించింది.

"వచ్చేశాను. మధ్యలో పడుకున్నాను, క్షమించాలి" అంది వేరే గొంతుతో. అది నిన్నటి గొంతు. "అయిదో గుంజ నాదే, దిగుతాం. ఎక్కింది తొమ్మిది మంది మనుషులు, ఒక గేదె. దిగుతున్నామని అందరూ నోటితో పలకాలి."

పంటు మీద మనుషులు తొమ్మిదిమందే. నిన్నటి తొమ్మండుగురు వీళ్లు కారు గాని, బుజ్జమ్మకు తలల లెక్క చాలు. ఒక్కొక్కరే "దిగుతున్నా" అన్నారు.

"గేదె పలకలేదు" అంది బుజ్జమ్మ.

"గేదె నిన్ననే వెనక్కి పోయిందే తల్లీ! దాన్ని లారీ ఎక్కించి వంతెన మీంచి తోలుకుపోయారు" అంది మహలక్ష్మి.

"నా మీద ఎక్కించారు. నేనే దింపాలి. గేదె పలికే వరకు కదలను."

హైమ పలక మీద అటూ ఇటూ కొట్టి చూసింది. చేతులెత్తేసింది. "ఆగిన చోటు నుంచే పని మొదలవుతుందండీ. దాన్ని మార్చడం మా చేతుల్లో లేదు. గేదె పలకాలి."

అందరి కళ్లూ చిట్టబ్బాయి మీదికి వచ్చి ఆగాయి. పంటు అతనిది. కాగితం అతని మొలలో ఉంది.

వారానికి పది మాటలు మాట్లాడే చిట్టబ్బాయి లేచి నిలబడ్డాడు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అవతలి రేవు వైపు తిరిగి, గొంతు సవరించుకుని, మెడ సాచి అరిచాడు. దూడను విడదీసిన గేదె కూడా అంత బాగా అరవదు. గుంజ మీద కాకి లేచిపోయింది. లంక మీద ఎక్కడో నిజం గేదె ఒకటి బదులిచ్చింది.

"ధన్యవాదాలు" అంది బుజ్జమ్మ. పంకాలు తిరిగాయి.

ఒడ్డున దొరయ్య నోట్లోంచి పందుంపుల్ల జారి పడింది. అతని భుజాలు ఎగిరి ఎగిరి పడ్డాయి. పంటు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ముఖం బిగించుకుని, తాడు అందుకుని, అయిదో గుంజకు కట్టాడు.

చిట్టబ్బాయి దిగాడు. కాజాల పొట్లం ముందుకు చాపాడు.

"బాగున్నారా?" అన్నాడు.

"తమరెవరో పోలికట్టలేకపోతున్నానండి" అన్నాడు దొరయ్య, హైమ వైపు తిరిగి. "ఎనకటికి ఒకాయన వచ్చేవోడండి. ఆట మధ్యలో లేచిపోయాడు. ఆయన కూకున్న చోటు అలాగే ఉంచాం, ఆయ్. ఆయనొత్తాడేమో అని సూత్తన్నాం. ఈయనెవరో కొత్తాయన. మాకు తెల్దు."

హైమ ఫక్కున నవ్వేసింది. "అచ్చం మా గాదె మాట్లాడినట్టే ఉందండీ!"

చిట్టబ్బాయి నవ్వలేదు. పొట్లం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. బావను ఒకసారి చూశాడు. చెంబు అడుగు ఒకసారి చూశాడు. పొట్లం తీసుకెళ్లి మహలక్ష్మి తమలపాకుల బుట్టలో పెట్టేశాడు.

మిగిలిన నాలుగు పీటల్నీ ఆ మధ్యాహ్నమే ఒక్కొక్కటిగా పిలిచి, పని పూర్తి చేయించి లేపారు. రెండో పీటకు బాజాల వాళ్లు పలకాల్సి వచ్చింది. నాలుగో పీటకు మూడు మేకలు. అప్పటికి చిట్టబ్బాయి గొంతు పోయింది, మేకల పని హైమ చేసింది. సాయంత్రం ఆమె కాగితం రాసి అతనికి చదివి వినిపించింది. పంటు ఉండవచ్చు. యంత్రంలో లోపం లేదు. కాపలా మనిషి కొత్త పీట అనే మీట నొక్కకూడదు.

"నీళ్లు తాగొచ్చాండి?" అని అడిగాడు చిట్టబ్బాయి, పోయిన గొంతుతో.

"మీరు తాగండి. బుజ్జమ్మను మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే లేపండి."

మర్నాడు పొద్దున్నే మొదటి పంటుకు చిట్టబ్బాయి అవతలికి వెళ్లాడు. చేతిలో పొట్లం లేదు, పళ్లు లేవు. సగం దారిలో చెంబు మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి తిరగలేదు. నేరుగా అక్క ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో పేరంటాలు ముగ్గు గిన్నె పట్టుకుని నోరు తెరిచింది. ఆమెతో ఏమీ అనకుండా పక్కనున్న మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. దొరయ్య అక్కడ పందుంపుల్లతో కూర్చుని ఉన్నాడు.

డాబా మధ్యలో ఒక గంప బోర్లించి ఉంది. గంప మీద రాయి పెట్టి ఉంది. చిట్టబ్బాయి రాయి తీశాడు, గంప ఎత్తాడు. కింద గీతలు చెక్కుచెదరలేదు. ఎవరో ఏటా వాటిని కొత్తగా గీస్తున్నారు. రెండు పులులు కట్టులో ఉన్నాయి. మూడోది మూలన నిలబడి ఉంది. చిట్టబ్బాయి తొమ్మిదేళ్ల కింద కూర్చున్న వైపే గొంతుక్కూర్చున్నాడు.

"ఎత్తు నీదే బావా" అన్నాడు.

దొరయ్య నోట్లో పుల్ల ఆగింది.

"నాదెలా అవుద్దిరా, దొంగ ఎదవా!" అన్నాడు. "నాదంటావేటి? అప్పుడు మేక జరిపింది నేను. పడవ చూసుకుని లేచిపోయావు. ఎత్తు నీదే!"

కింద పేరంటాలు ముగ్గు గిన్నె వదిలేసిన చప్పుడు వినిపించింది.

చిట్టబ్బాయి చింతగింజల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేనులో నాలుగు తినగా పదకొండు ఉండాలి. సరిగ్గా మూడో పులి దూకే దారికి అడ్డంగా ఒకటి నున్నగా, కొత్తగా మెరుస్తోంది.

"పన్నెండున్నాయి బావా" అన్నాడు.

దొరయ్య ఆకాశం వైపు చూశాడు.

"తొమ్మిదేళ్లయిందిరా" అన్నాడు. "మేకలు ఈనవా?"

చిట్టబ్బాయి చెయ్యి చాపి ఆ పన్నెండో గింజను తీసి, తువ్వాలుతో తుడిచి, బుగ్గన పెట్టుకున్నాడు.

"తొమ్మిదేళ్లు పస్తులుంది పులి" అన్నాడు. "ఇప్పుడు ఎత్తు నీది."